ఆఫీసు సిస్టమ్స్‌ని లినక్స్‌కి మార్చాలంటే ముందు విండోస్ జోలికి వెళ్లకండి

2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటినుంచి చెన్నైలో నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. షావుకారుపేట హోల్‌సేల్ షాపులవాళ్లు, అంబత్తూరు ఎస్టేట్‌లో చిన్న చిన్న వర్క్‌షాపులు నడిపేవాళ్లు, టీ నగర్‌లో ఆడిటర్ల దగ్గర పనిచేసే మనవాళ్లు, అందరూ అడిగేది ఒకటే: "సిస్టమ్ బాగానే ఉంది సార్, కానీ విండోస్ 11 ఎక్కదంటున్నారు, లినక్స్ వేసేద్దామా?"

వేసేయొచ్చు. లినక్స్ అంటే విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. అంతకంటే పాత ఐ3, ఐ5 మెషీన్లు చెన్నై ఆఫీసుల్లో బోలెడున్నాయి, వాటిని పాత సామాన్లవాడికి ఇచ్చేయాల్సిన పనే లేదు. క్రాక్ చేసిన విండోస్‌తో నడుస్తున్న ఆఫీసులైతే ఇంకా తొందరగా మారాలి. దొంగ కాపీ అని తెలిసీ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఇది చాలామంది ఓనర్లకు తెలియదు.

అయితే ఎలా మార్చాలన్న దగ్గరే అందరూ దెబ్బతింటున్నారు. నేనూ తిన్నాను. అంబత్తూరులో ఒక చిన్న కంపెనీ, పదకొండు సిస్టమ్స్. శనివారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం రాత్రికల్లా అన్నిటికీ లినక్స్ ఎక్కించేశాను. సోమవారం పొద్దున్నే లోడు ఎక్కించుకుని లారీ గేటు దగ్గర నిలబడి ఉంది, డిస్పాచ్‌లో ఉండే అక్క బిల్లుకి ప్రింట్ ఇస్తే కాగితం బయటికి రాలేదు. ఆ ప్రింటర్‌ని నేను ముందుగా పరీక్షించలేదు. మధ్యాహ్నానికి ఓనర్ గారు వచ్చి "తమ్ముడూ, పాతదే పెట్టెయ్" అన్నారు. అన్నిటికీ మళ్లీ విండోస్ ఎక్కించడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ ఆఫీసులో ఎవరు ఏం పని చేస్తారో కనుక్కోకుండా కంప్యూటర్లు మార్చాను, తప్పు పూర్తిగా నాదే.

ఆ తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. ఫ్రాన్స్‌లో జాందార్మరీ అని ఒక పోలీసు దళం ఉంది, వాళ్లు వేల డెస్క్‌టాప్‌లను ఉబుంటు అనే లినక్స్‌కి మార్చారు. 2005లో మొదలుపెట్టినప్పుడు ముందు విండోస్‌లోనే ఎంఎస్ ఆఫీస్ బదులు ఓపెన్‌ఆఫీస్ పెట్టారు, తర్వాత బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్, మెయిల్‌కి థండర్‌బర్డ్ అలవాటు చేశారు, జనానికి ఆ ప్రోగ్రాములు చేతికి వచ్చాక 2008లో గానీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద చెయ్యి వేయలేదు. ఆరుగురు ఉండే ఆఫీసుకైనా ఇదే వరుస సరిపోతుంది. ముందు ప్రోగ్రాములు, తర్వాత ప్రింటర్లు, విండోస్ అన్నిటికంటే చివర.

ఒక నోట్‌బుక్, ఒక వారం

మొదటి వారం ఏ సిస్టమూ ముట్టుకోకండి. నోట్‌బుక్ పట్టుకుని ప్రతి సీటు దగ్గర ఒక పూట కూర్చోండి. కంప్యూటర్ మోడల్ రాసుకోవడం పెద్ద పనేం కాదు, అది పది నిమిషాల్లో అయిపోతుంది. అసలు రాసుకోవాల్సింది ఆ మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం తెరుస్తున్నాడు, ఎవరికి పంపుతున్నాడు, ఏ ప్రింటర్‌కి ఇస్తున్నాడు, నెలకోసారి మాత్రమే చేసే పని ఏదైనా ఉందా అన్నది. ఈ నెలకోసారి పనులు అడిగితే తప్ప చెప్పరు, వాళ్లకీ గుర్తుండదు. పీఎఫ్, టీడీఎస్, టెండరు వేయడం, బ్యాంకుకి స్టాక్ స్టేట్‌మెంట్, ఇలాంటివి మీరే ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి.

వారం తర్వాత చూస్తే సగానికి పైగా పని బ్రౌజర్‌లోనే జరుగుతోందని తేలుతుంది. ఈ-వే బిల్లు, బ్యాంకు, మెయిల్, వాట్సాప్ వెబ్, గూగుల్ మీట్, ఇవన్నీ లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో అలాగే నడుస్తాయి. జూమ్‌కీ, ఎనీడెస్క్‌కీ లినక్స్ వెర్షన్లు ఉన్నాయి. టీమ్స్‌కి విడిగా ఉండే లినక్స్ ప్రోగ్రామ్‌ని మైక్రోసాఫ్ట్ ఆపేసింది కాబట్టి దాన్ని బ్రౌజర్‌లో వాడుకోవాలి.

మిగిలేవి కొన్ని మొండి పనులు. వాటి గురించి నిజం నిజంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ఓనర్‌కి తీపి మాటలు చెబితే మార్చి నెలాఖరున మన ప్రాణం మీదకు వస్తుంది.

ట్యాలీ ప్రైమ్ విండోస్ ప్రోగ్రామే. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపించే వైన్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిపించినవాళ్లున్నారు గానీ జీతాలు, రిటర్నులు ఆధారపడిన చోట నేను అలాంటి ప్రయోగం చేయను, మీరూ చేయకండి. డీఎస్‌సీ టోకెన్, అంటే డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది, ఇంకొకటి. సొంత ప్రొప్రయిటరీ వ్యాపారమైతే జీఎస్టీ రిటర్న్‌ని ఓటీపీతో ఫైల్ చేసేయొచ్చు, కంపెనీ అయినా ఎల్‌ఎల్‌పీ అయినా డిజిటల్ సంతకం తప్పనిసరి. ఆ టోకెన్లలో కొన్నింటికి లినక్స్ డ్రైవర్లు ఉన్నా, పోర్టల్‌కీ టోకెన్‌కీ మధ్య సంతకం పెట్టించే చిన్న ప్రోగ్రామ్ దగ్గర ఎక్కువసార్లు ఆగిపోతుంది. ఏడాది రిటర్న్ జీఎస్‌టీఆర్-9కి ఉన్న ఆఫ్‌లైన్ టూల్ ఎక్సెల్ మాక్రోలతో చేసినది, ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే ఉచిత లిబ్రేఆఫీస్‌లో దాన్ని నమ్ముకోవద్దు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ ఆఫీసైతే, అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద ఏళ్ల తరబడి చేసిన పని ఉంటే, వాళ్ల డిజైన్ సిస్టమ్స్‌ని అసలు కదపొద్దు. బిల్లింగ్ టేబుల్ ఒక్కటి మార్చి ఊరుకోండి.

వీటన్నిటికీ కలిపి ఒక మంచి విండోస్ మెషీన్, నిజమైన లైసెన్స్‌తో, విండోస్ 11 ప్రో ఉన్నది ఒకటి ఉంచేయండి. పది సిస్టమ్స్‌లో ఒకటో రెండో విండోస్ మిగిలితే మీరు ఓడిపోయినట్టు కాదు. పదికి పదీ మార్చాలని పట్టుపట్టినవాళ్లే చివరికి పదీ వెనక్కి తిప్పుకోవడం చూశాను.

విండోస్‌లోనే లిబ్రేఆఫీస్ అలవాటు చేయండి

ఇప్పుడున్న విండోస్‌లోనే లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ పెట్టి పూర్తిగా ఒక నెల వాడించండి. నెల అంటే నెలే, ఎందుకంటే 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బి రిటర్నుల గడువులు దాటితేనే అసలు చిక్కులు బయటపడతాయి.

లిబ్రేఆఫీస్‌లో మొదటి రోజే మూడు సెట్టింగులు మార్చండి. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ తెరిచి ట్యాబ్డ్ ఎంచుకుంటే ఎక్సెల్ రిబ్బన్‌లా కనబడుతుంది, సగం భయం అక్కడే పోతుంది. ఆప్షన్స్‌లో లోడ్/సేవ్ కింద జనరల్‌లో ఫైళ్లు ఎప్పుడూ ఎక్సెల్, వర్డ్ ఫార్మాట్‌లోనే సేవ్ అయ్యేట్టు పెట్టండి, లేకపోతే మనవాళ్లు ఆడిటర్‌కి లిబ్రేఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీఎస్‌లో ఫైలు పంపుతారు, అటునుంచి ఫోన్ వస్తుంది. మూడోది, లొకేల్‌ని (భాష, ప్రాంతం సెట్టింగ్) ఇంగ్లీష్ ఇండియాగా మార్చండి. అప్పుడు తేదీలు రోజు, నెల, సంవత్సరం వరుసలో ఉంటాయి, అంకెలకు కామాలు మనకు అలవాటైనట్టు లక్షలు, కోట్ల దగ్గర పడతాయి. చిన్న విషయంలా ఉంటుంది గానీ 12,34,567 బదులు 1,234,567 కనిపిస్తే మన అకౌంటెంట్లకు లెక్క తప్పినట్టే అనిపిస్తుంది, ఆ సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం అప్పుడే పోతుంది.

ఈ నెలలో ఎదురయ్యేవి కొన్ని ముందే చెబుతాను. ఒక సెల్‌లో రెండో లైను రాయడానికి ఎక్సెల్‌లో ఆల్ట్ ఎంటర్ కొడతారు, లిబ్రేఆఫీస్‌లో కంట్రోల్ ఎంటర్ కొట్టాలి. వేళ్లకు అలవాటైపోయిన పని కాబట్టి దీనికి విసుక్కుంటారు, ఒక చీటీ రాసి మానిటర్ కింద అంటించండి. ఎక్స్‌లుకప్ ఫార్ములా లిబ్రేఆఫీస్ 24.8 నుంచే ఉంది, నేను వేసే లినక్స్ మింట్ 22తో వచ్చేది 24.2, కాబట్టి ఆ ఫార్ములా వాడే మనిషి ఉంటే కొత్త వెర్షన్‌ని ఫ్లాట్‌ప్యాక్‌గా (లినక్స్‌లో ప్రోగ్రామ్‌ని విడి ప్యాకేజీగా ఎక్కించే పద్ధతి) పెట్టుకోవాలి. పెద్ద మాక్రోలు ఉన్న ఫైళ్లు విరుగుతాయి, వాటిని బాగు చేయడానికి రోజులు పోగొట్టుకోకుండా ఆ ఒక్క ఫైలు పనిని విండోస్ మెషీన్‌కి తోసేయండి. జెడ్ డ్రైవ్, వై డ్రైవ్ అని అడ్రసు పెట్టి ఒక ఎక్సెల్ ఫైలు నుంచి ఇంకో ఫైలుకి లింకులు ఇచ్చి ఉంటే అవి లినక్స్‌లో తెగిపోతాయి. ఇది ముందే వెతకండి. నెలాఖరు స్టాక్ షీట్లలో ఎక్కువగా దొరుకుతాయి.

అవుట్‌లుక్ పీఎస్‌టీ ఫైళ్లలో ఏళ్లనాటి మెయిల్స్ ఉంటే, అవుట్‌లుక్ పనిచేస్తుండగానే వాటిని ఐమ్యాప్ (మెయిల్‌ని సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతి) ద్వారా మెయిల్ సర్వర్‌లోకి ఎక్కించేయండి. విండోస్ తీసేశాక ఆ ఫైలు తెరవడం పెద్ద తలనొప్పి.

ప్రింటర్లు

నా అనుభవంలో ఆఫీసులు వెనక్కి వెళ్లేది ఎక్కువగా ప్రింటర్ వల్లే. అందుకే దీన్ని ఇన్‌స్టాల్ చేసిన తర్వాత కాకుండా ముందే తేల్చుకోవాలి. లినక్స్ మింట్ వేసిన పెన్‌డ్రైవ్ ఒకటి తయారు చేసుకుని, ఆఫీసు సిస్టమ్‌ని దానితో స్టార్ట్ చేసి, హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండానే ప్రతి ప్రింటర్‌కీ ఒక బిల్లు ప్రింట్ ఇచ్చి చూడండి. టెస్ట్ పేజీ చాలదు, నిజమైన బిల్లే ఇవ్వండి.

ఈమధ్య వస్తున్న నెట్‌వర్క్ ప్రింటర్లలో చాలావరకు డ్రైవర్ అక్కర్లేకుండానే దొరుకుతాయి. హెచ్‌పీ వాటికి హెచ్‌పీలిప్ అని కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేరే ఉంది, లేజర్‌జెట్ 1020 లాంటి పాతవాటికి దానితోపాటు ఒక ప్లగిన్ కూడా దించుకోవాలి, అప్పుడు నెట్ ఉండాలి. ఎప్సన్ ఎల్ సిరీస్ ట్యాంక్ ప్రింటర్లకు, బ్రదర్ ప్రింటర్లకు కంపెనీలే లినక్స్ డ్రైవర్లు ఇస్తున్నాయి. కానన్ ఎల్‌బీపీ 2900 మన ఊళ్లలో చాలా ఆఫీసుల్లో ఉంది, అది క్యాప్ట్ అనే సొంత భాషలో మాట్లాడే ప్రింటర్, లినక్స్‌లో దాన్ని లేపడం కష్టమైన పని. అలాంటిది ఉంటే దాన్ని విండోస్ మెషీన్‌కే తగిలించి ఉంచండి, లేదా ప్రింటర్ మార్చే ఖర్చుని మొదటి రోజే ఓనర్‌కి చెప్పేయండి. షావుకారుపేటలో కార్బన్ కాపీ బిల్లుల కోసం ఇంకా డాట్ మ్యాట్రిక్స్‌లే వాడతారు, టీవీఎస్ ఎంఎస్‌పీ రకం వాటిలో ఎక్కువవి ఎప్సన్ డాట్ మ్యాట్రిక్స్ డ్రైవర్‌తోనే అచ్చు వేస్తాయి. కాగితం సైజు మాత్రం చేత్తో సరిచేసుకోవాలి, ఆ పది అంగుళాల బిల్లు ఒక లైను కిందికి జరిగినా చిరాకే. దీనికి ఒక సాయంత్రం కేటాయించుకోండి.

ఏ లినక్స్?

నేను వేసేది లినక్స్ మింట్, సినమన్ ఎడిషన్. స్టార్ట్ మెనూ ఎడమ మూలలో, గడియారం కుడి మూలలో, విండోస్ 7 చూసినవాళ్లకు కొత్తగా ఉండదు. మింట్ 22కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 8 ఉంటే హాయిగా ఉంటుంది, మరీ పాత మెషీన్లకు దానికంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేయండి. మన చెన్నైలోనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్‌లో తయారయ్యే బాస్ లినక్స్ కూడా ఉంది, డెబియన్ అనే లినక్స్ మీద కట్టినది, ప్రభుత్వ ఆఫీసుల్లో కనిపిస్తుంది. నేను మింట్ వైపు ఉండడానికి కారణం ఒక్కటే, రాత్రి పది గంటలకు ఏదైనా ఆగిపోతే దాని గురించి వెతకగానే జవాబు దొరుకుతుంది. ఏది వేసినా ఆఫీసంతా ఒకటే వేయండి. సీటుకో రకం వేస్తే చూసుకోవడం మీ వల్ల కాదు.

ఇప్పుడు మార్చండి, ఒక్క సీటే

మొదటి సీటు ఎవరిది అన్నది జాగ్రత్తగా ఎంచుకోండి. అకౌంట్స్ వద్దు. రోజంతా బ్రౌజర్, మెయిల్‌తో పని చేసే మనిషి, కొత్తది చూస్తే భయపడని మనిషి, అన్నిటికంటే ముఖ్యంగా మిగతావాళ్లు సందేహం వస్తే అడిగే మనిషి కావాలి. ప్రతి ఆఫీసులో అలాంటి ఒక అన్నో, అక్కో ఉంటారు, మేనేజర్ అయి ఉండక్కర్లేదు.

డ్యూయల్ బూట్, అంటే ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ, పెట్టొద్దు. కొంచెం విసుగొస్తే విండోస్‌లోకి వెళ్లిపోతారు, ఇక తిరిగి రారు. నేను చేసేది ఇది: కంప్యూటర్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌లో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొంటాను, పాత హార్డ్‌డిస్క్ విప్పి బయట పెడతాను, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ ఎక్కిస్తాను. దీనివల్ల రెండు లాభాలు. పాత డిస్క్‌లో విండోస్, ఫైళ్లు అన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి, ఏదైనా అయితే పది నిమిషాల్లో మళ్లీ తగిలించేయొచ్చు. పైగా హార్డ్‌డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి వచ్చిన వేగం చూసి ఆ మనిషి నలుగురికీ తనే చెబుతాడు. నిజానికి ఆ వేగంలో ఎక్కువ భాగం ఎస్‌ఎస్‌డీదే, అడిగితే ఆ మాట దాచకండి.

డిస్క్ విప్పే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి, ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేసి మరీ. లేకపోతే తర్వాత ఆ డిస్క్ లినక్స్‌లో చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. పాత డిస్క్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి, ముఖ్యమైన ఫోల్డర్లు ఇంకో చోట కూడా ఉండాలి.

పెన్‌డ్రైవ్ నుంచి స్టార్ట్ చేయడానికి డెల్‌లో, చాలా లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. డిస్క్ కనబడకపోతే బయాస్‌లో స్టోరేజ్ మోడ్ రెయిడ్‌లో ఉందేమో చూసి ఏహెచ్‌సీఐకి మార్చండి, వెనక్కి వెళ్లాల్సి వస్తే దాన్ని మళ్లీ రెయిడ్‌కి పెట్టాలని గుర్తుంచుకోండి. మిగతా ఇన్‌స్టాలేషన్ అరగంట పని, తెర మీద అడిగినవాటికి జవాబులివ్వడమే.

సీటు అప్పగించే ముందు

కీబోర్డు లేఅవుట్‌లో రూపాయి గుర్తు ఉన్న ఇంగ్లీష్ ఇండియా ఎంచుకోండి, కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 కొడితే ₹ వస్తుంది. క్యాలిబ్రి బదులు కార్లిటో, క్యాంబ్రియా బదులు క్యాలడియా ఫాంట్లు వేయండి, అక్షరాల వెడల్పు అవే కాబట్టి పాత కొటేషన్లు పేజీ దాటిపోకుండా ఉంటాయి. తెలుగు, తమిళం టైప్ చేసేవాళ్లుంటే ఐబస్‌తో ఎం17ఎన్ (వేరే భాషలు టైప్ చేయించే ప్రోగ్రాములు) పెట్టుకుంటే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, తమిళానికి తమిళ్99 అన్నీ దొరుకుతాయి. మన ఆఫీసుల్లో ఒకే మనిషి ఆంధ్రా పార్టీకి తెలుగులో, లోకల్ పార్టీకి తమిళంలో ఉత్తరం రాయడం మామూలే, కాబట్టి భాష మార్చే కీ ఏదో ఆ మనిషితోనే నాలుగుసార్లు కొట్టించండి.

స్టాఫ్‌కి మామూలు యూజర్ అకౌంట్ ఇవ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఒకటి, ఓనర్ దగ్గర సీలు వేసిన కవర్లో ఒకటి ఉండాలి. ఆ కవరు తప్పనిసరి. మీకు ఒంట్లో బాగోలేని రోజు ఆఫీసు ఆగకూడదు. టైమ్‌షిఫ్ట్ ఆన్ చేసి వారానికోసారి స్నాప్‌షాట్ తీసుకునేలా పెట్టండి, అప్‌డేట్ ఏదైనా చెడగొడితే వెనక్కి తిప్పొచ్చు. కానీ అది సిస్టమ్‌ని మాత్రమే కాపాడుతుంది, బిల్లుల ఫైళ్లను కాదు. వాటికి బ్యాకప్ వేరే ఉండాలి.

ఫైళ్లన్నీ సీట్లలో చెల్లాచెదురుగా ఉంటే ఇదే సమయం, ఒక పాత మెషీన్‌లో రెండు డిస్కులు వేసి సాంబా అనే ఫైల్ షేరింగ్ ప్రోగ్రామ్‌తో షేర్ చేయండి. విండోస్ మెషీన్‌కీ, లినక్స్ మెషీన్లకీ అది ఒకేలా కనబడుతుంది. దానికి యూపీఎస్ ఉండాలి, వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో మీకు తెలిసిందే.

ట్యాలీ చూడాల్సినవాళ్లు లినక్స్ సీటు నుంచి రెమ్మీనా అనే ప్రోగ్రామ్‌తో ఆ విండోస్ మెషీన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌లో వెళ్లొచ్చు. విండోస్ హోమ్‌లో ఇది కుదరదు, ప్రో కావాలని పైన అన్నది అందుకే. ప్రోలో కూడా ఒకసారి ఒక్కరికే చోటు, ఇంకొకరు లోపలికి వెళ్తే దాని ముందు కూర్చున్నవాళ్ల తెర లాక్ అవుతుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి ట్యాలీలో పని చేయాలంటే వాళ్ల సీట్లు విండోస్‌లోనే ఉంచడం తేలిక.

మనుషులు

మొదటి సీటు రెండు వారాలు నడిచాక తర్వాతి రెండు మార్చండి, ఆ తర్వాత ఇంకో రెండు. అకౌంట్స్ అన్నిటికంటే చివర, అదీ ఏప్రిల్ హడావిడి అయ్యాకే. మార్చిన రోజు మీరు అక్కడే ఉండాలి, సాయంత్రం దాకా, ఫోన్లో చెబుతాను అంటే కుదరదు. ఇరవై ఏళ్లుగా ఒకే తెర చూస్తూ పని చేసిన పెద్దాయనకు, "నేను పనికిరానేమో" అన్న టెన్షన్ లోపల ఉంటుంది, పైకి మాత్రం "ఈ సాఫ్ట్‌వేర్ బాలేదు" అంటారు. ఆయనతో వాదించకండి. పక్కన కూర్చుని, ఆయన రోజూ చేసే మొదటి బిల్లు ఆయన చేత్తోనే చేయించండి, మౌస్ మీరు తీసుకోవద్దు.

ఎవరైనా మూడుసార్లు ఒకే ఇబ్బంది చెబితే అది అలవాటు సమస్య కాదు, నిజంగానే ఏదో తప్పుంది. నోట్‌బుక్‌లో రాసుకుని సరిచేయండి, సరికాకపోతే ఆ సీటుని విండోస్‌కి మార్చేయండి.

విప్పి తీసిన పాత హార్డ్‌డిస్కుల మీద సీటు పేరు, తేదీ స్కెచ్ పెన్‌తో రాసి ఒక్కోదాన్ని ఒక్కో కవర్లో పెట్టి ఓనర్ బీరువాలో ఉంచండి. ఆ ఏడాది ఆడిట్ అయ్యి, జీఎస్‌టీఆర్-9 ఫైల్ అయ్యేదాకా ఒక్కటి కూడా ఫార్మాట్ చేయకండి. ఆ తర్వాత అందులో బాగున్నవాటిని ఏరి బ్యాకప్ డిస్కులుగా వాడుకోండి, టిక్ టిక్ మని శబ్దం చేసేవాటిని వద్దు.